మూడు ఇరవై నాలుగులు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. మా ఇంటి దేవుడి మీద ఒట్టు, పుట్టిన మట్టి మీద ఒట్టు, అదీ చాలకపోతే మా ఆవిడ మీద కూడా ఒట్టు. నన్నెరిగిన వాళ్లు ఈపాటికి నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నేను పట్టిన చేప సంగతి చెబితే, వినేవాళ్లు తోకా తలా తీసేసి, నడుములో కూడా సగం కోసి, మిగిలిన ముక్కకే మసాలా నూరుకుంటారని మా వాడలో పేరు. అయినా ఈసారి నమ్మండి. ఇది మార్తమ్మ సిస్టర్ గురించి. ఆమె విషయంలో కల్లలాడితే ఎక్కడున్నా ఆమెకు తెలిసిపోతుందన్న భయం, అరవై దాటిన ఈ వయసులోనూ నన్ను వదల్లేదు.

మొన్న పరకాల నుంచి వస్తున్న బస్సులో నా పక్కన ఒక తల్లి కూర్చుంది. ఆమె ఒడిలో నాలుగేళ్ల పిల్లవాడు నిద్రపోతున్నాడు. మెడ ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనింది. ఇంజన్ మోతలో కూడా వాడి గురక నాకు వినిపిస్తూనే ఉంది. జలుబు చేసిన గొంతులోంచి వచ్చే తడి గురక, ఓరగా వేసిన తలుపు సందులోంచి గాలి దూరుతున్నట్టు. ఆత్మకూరు దాటాక ఆ గురక ఠక్కున ఆగింది. మిగతా వాళ్లకు హాయిగా ఉండి ఉంటుంది. నాకు కాదు. నేను ఆలోచించేలోపే నా వేళ్లు వాడి చెవి కిందికి వెళ్లి, దవడ ఎముక వంపు తిరిగే చోట పట్టుకుని, దాన్ని మెల్లగా ముందుకు నెట్టాయి. రెండో చేతి వెనక భాగం వాడి ముక్కు ముందుకు వెళ్లింది. వెచ్చటి గాలి తగిలింది. అప్పుడుగానీ నేను ఊపిరి తీసుకోలేదు.

"ఓ పెద్దాయినా! ఏం జేస్తానవ్ నా పొలగాని మెడకు?" అంది ఆ తల్లి.

"ఏం లేదమ్మా, ఊపిరి చూస్తాన."

"ఊపిరి చూసుడేంది? నువ్వేమన్న డాక్టరువా?"

"కాదమ్మా, దవాఖానల పని జేసినోన్ని."

"అయితే నీ దవాఖానల చూసుకో పో. వీడు పండుకుంటె గిట్లనే పండుకుంటడు, అచ్చం వాళ్ల నాయినలెక్క!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి చేయి తీసేశాను. కానీ ఆ లేత దవడ మెత్తదనం ఇంటికి చేరేదాకా వేళ్లకు అంటుకునే ఉంది. మార్తమ్మ సిస్టర్ కన్నుమూసి చాలా ఏళ్లయింది. నా వేళ్లకు మాత్రం ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఎనభైల మొదట్లో వరంగల్‌లోని ఒక చిన్న దవాఖానలో ఆమె పెద్ద సిస్టర్. ఆపరేషన్ థియేటర్ పక్కన ఒక పొడుగాటి గది ఉండేది. మత్తులో ఉన్న పిల్లల్ని ఆపరేషన్ కాగానే అక్కడికి తెచ్చి, పూర్తిగా తెలివి వచ్చేదాకా ఉంచేవారు. డెబ్బైల నుంచీ ఆ గది ఆమెది. పొట్టి మనిషి, తెల్ల చీర, మోచేతి దాకా మడిచిన జాకెట్టు చేతులు, ఎప్పుడూ ఈథర్ వాసన. ఇప్పుడు పిల్లల వేలికి ఒక క్లిప్పు తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకెల్లో కనిపిస్తుంది. అప్పుడు ఆ గదిలో ఉన్న యంత్రాలు రెండు: గోడ గడియారం, మార్తమ్మ సిస్టర్. గడియారం అప్పుడప్పుడు ఆగిపోయేది.

అక్కడ అటెండర్ ఉద్యోగానికి పోయినప్పుడు, హైదరాబాదులో పెద్ద దవాఖానలో మూడేళ్లు పనిచేశానని చెప్పాను. నిజానికి నేను హైదరాబాదు దవాఖానకు పోయింది ఒక్కసారే, మా మేనమామకు కాలు విరిగితే. సిస్టర్ నన్ను తల నుంచి కాలి దాకా చూసి, బల్ల మీదున్న పిల్లల ఆక్సిజన్ ముసుగు చేతికిచ్చింది. "మంచిది. మరి గిది పిలగాని మూతికి ఎట్ల పెడ్తరో పెట్టి చూపియ్యి" అంది. నేను ధీమాగా అందుకుని గాలిలో ఒక ముఖాన్ని ఊహించుకుని పెట్టాను. తలకిందులుగా పెట్టాను.

"పట్నంల పిలగాండ్లకు ముక్కు గడ్డం మీద ఉంటదా?" అంది సిస్టర్, నవ్వకుండా.

ఇంకెవరైనా అయితే అక్కడి నుంచి మెల్లగా జారుకునేవాళ్లు. నేను మాత్రం, "కొందరికి ఉంటది సిస్టర్, కరువు సంవత్సరంల పుట్టినోళ్లకు" అన్నాను. ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. అలా నాకు ఉద్యోగం దొరికింది. నా నోటిని ఎక్కడ వాడుకోవాలో ఆమె ఆ క్షణంలోనే తేల్చుకుందని తర్వాత అర్థమైంది. తల్లి ఒడిలోంచి పిల్లల్ని తీసుకుని థియేటర్ తలుపు దాకా ఎత్తుకుపోవడం నా పని. ఆ ఇరవై అడుగుల దారిలో పిల్లలు ఏడవకూడదు. ఏడిస్తే ముక్కూ గొంతూ నిండిపోయి మత్తు డాక్టరు గారికి కష్టం. కాబట్టి ఆ దారిలో నేనెన్ని కోతలు కోసినా అడిగేవాళ్లు లేరు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం లెక్క వేరు. తెలివి వస్తూ పిల్ల గట్టిగా ఏడిస్తే సిస్టర్ ముఖం వెలిగేది. బయట తల్లులు కొంగు నోట్లో కుక్కుకుంటుంటే, "ఏడ్వనియ్యమ్మా! ఏడుస్తాందంటె ఊపిరి మంచిగ ఆడ్తాందన్నట్టే. ఏడ్వకుంటె నేనేడ్వాలె" అనేది.

పని నేర్పే తీరు కూడా ఆమెది ఆమెదే. మొదటి వారం నన్నే బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి, "ఇప్పుడు గురక పెట్టు" అంది. పెట్టాను. "ఇంకొంచెం వంచుత. గాలి ఆడ్తాందా?" ఆడలేదు. తర్వాత చెవుల కింద రెండు వేళ్లు పెట్టి దవడను ముందుకు లాగింది. గొంతులో తలుపు తీసినట్టయింది. "మత్తుల నాలిక గుడ నిద్రపోతది. ఎనకకు జారి తొవ్వకు అడ్డం పండుకుంటది. దాన్ని మనం తిట్టద్దు, లేపద్దు. దవడ ముందటికి తెస్తె అదే పక్కకు జరుగుతది" అంది. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఊరే నీళ్లను కాలితో తొక్కే పంపు గొట్టంతో తీయడం, పెదవుల రంగు చూడడం, అన్నీ అలాగే ఒంటికి పట్టించింది. అన్నిటికంటే మొదటిది చేయి పెట్టడం. అరచేయి కాదు; పని చేసి చేసి అరచేతి తోలు మొద్దుబారుతుందట. చేతి వెనక భాగం ముక్కుకూ నోటికీ దగ్గరగా పెట్టి, గడియారంలో నిండా ఒక నిమిషం, తగిలిన ప్రతి ఊపిరీ లెక్కపెట్టాలి. ఐదు నిమిషాలకోసారి కాగితం మీద రాయాలి.

"ఇంటికాడ గుడ నేర్చుకో" అంటే, ఒక ఆదివారం మధ్యాహ్నం నిద్రపోతున్న మా ఆవిడ ముక్కు ముందు చేయి పెట్టి లెక్క మొదలుపెట్టాను. పద్నాలుగు దగ్గర కళ్లు తెరిచింది. "ఏందయ్యా, సచ్చిన్నో బతికున్ననో చూస్తానవా?" అని, ఆ సాయంత్రం నాకు చాయ్ పోయలేదు. ఈ సంగతి చెబితే సిస్టర్ అడిగిన ప్రశ్న ఒక్కటే: "నిమిషం నిండక ముందే లేచిందా? అయితే గా పద్నాలుగు రాయకు."

సిస్టర్‌ది స్టేషన్ ఘన్‌పూర్ పక్కన రైలు కట్ట మీది ఇల్లు. తండ్రి గ్యాంగ్‌మన్. బొగ్గు బండ్లు ఇంటి గోడలు ఊపుతూ పోతుంటే, ఉబ్బసం ఉన్న తమ్ముడి ఊపిరి వింటూ పెరిగిందట. "రైలు పోతాంటె రైలు ఇనద్దు సమ్మయ్యా. దాని కింద ఏం ఇనబడ్తాందో అది ఇను" అనేది. ఆ తమ్ముడు ఏమయ్యాడని నేను ఒకసారి అడిగాను. ఆమె గొట్టాలు వేడినీళ్లలో వేస్తూ ఉండిపోయింది. మళ్లీ అడగలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ దీన్ని దాటవేయడానికే అటూ ఇటూ తిరిగానని మీరు పసిగట్టే ఉంటారు.

ఒక శుక్రవారం పాలంపేట నుంచి స్వరూప అనే ఆరేళ్ల పిల్ల వచ్చింది, టాన్సిల్స్ ఆపరేషన్‌కు. తండ్రి కొమురయ్య వరి రైతు, నాట్లు మధ్యలో వదిలేసి వచ్చాడు; కాలి గోళ్ల సందుల్లో మట్టి ఇంకా ఎండలేదు. పిల్లను ఎత్తుకుని నేను నా కథ అందుకున్నాను. రామప్ప గుడి ఇటుకలు నీళ్ల మీద తేలుతాయి కదా, మా తాత అలాంటి ఇటుక ఒకటి వేసుకుని, దాని మీద కూర్చుని, చుట్ట కాల్చుకుంటూ చెరువు దాటాడని చెప్పాను.

స్వరూప నా భుజం మీద నుంచి తలెత్తి చూసింది. "మా ఊరు గదే. గట్ల ఎవ్వలు దాటలె. నువ్వు అబద్ధాలాడ్తానవ్."

"నువ్వు పుట్టకముందు బిడ్డా!"

"మా తాత పుట్టిండు గదా. మా తాత గుడ చెప్పలె."

ఇంతమందిని ఎత్తుకుపోయాను, తలుపు దాకా చేరకముందే నా అబద్ధాన్ని పట్టేసిన పిల్ల ఆమె ఒక్కతే. పట్టుకున్న సంతోషంతో నవ్వుతూనే లోపలికి పోయింది.

ఆపరేషన్ అయింది. పిల్లను పక్కకు తిప్పి బల్ల మీద పడుకోబెట్టారు. గురక పెడుతోంది. ఆ రోజు థియేటర్‌లో ఒక నర్సు తక్కువై, తర్వాతి కేసుకు మత్తు డాక్టరు గారు సిస్టర్‌ను పిలిచారు. ఆమె స్వరూప దవడ మీద నా వేళ్లను తన వేళ్లతో సరిచేసి, "ఐదు నిమిషాలకోసారి చెయ్యి పెట్టి చూడు, రాయి. ఏమన్న అయితె ఒర్రు, తలుపు అవతలనే ఉన్న" అని పోయింది.

గదిలో ఇంకో పిల్లవాడున్నాడు, గిలకబావి గిలక కీచుమన్నట్టున్న గొంతుతో నీళ్లు కావాలని ఏడుస్తున్నాడు. అప్పుడే నీళ్లు ఇవ్వకూడదు. కాసేపు మరిపిద్దామని స్వరూప దవడ వదిలి వాడి దగ్గరికి పోయాను. ఆక్సిజన్ సిలిండర్ రిక్షాలోంచి జారి రోడ్డు మీద దొర్లుకుంటూ పోయిన కథ మొదలుపెట్టాను. అది దొర్లీ దొర్లీ కూరగాయల మార్కెట్లోకి పోయిందని, టమాటాల గంపల మధ్య నుంచి పోయినా ఒక్క టమాటా చితకలేదని, ఎదురొచ్చిన ఎద్దు పక్కకు జరిగి దానికి దారిచ్చిందని చెప్పాను. వాడు ఏడుపు ఆపి, "ఎద్దు దండం పెట్టిందా?" అన్నాడు. అలాంటి శ్రోత దొరికితే నాలాంటి వాడు ఆగుతాడా? ఐదు నిమిషాలైంది. అక్కడి నుంచే స్వరూప వైపు చూశాను. పొట్ట లేస్తోంది, పడుతోంది. గురక వినిపిస్తోంది. కాగితం మీద ఇరవై నాలుగు అని రాశాను. ఆ వయసు పిల్లకు అది నమ్మదగిన అంకె. నమ్మదగిన అంకెలు చెప్పడంలో నాకు చిన్నప్పటి నుంచీ చేయి తిరిగింది. ఇంకో ఐదు నిమిషాలకు ఇరవై నాలుగు. ఇంకో ఐదు నిమిషాలకు గురక ఆగింది. హమ్మయ్య, హాయిగా నిద్రపోతోంది అనుకున్నాను. పొట్ట ఇంకా కదులుతూనే ఉంది. మూడో ఇరవై నాలుగు రాశాను.

తలుపు తెరుచుకుంది. సిస్టర్ గడప మీదే ఆగి, "సప్పుడేది?" అంది.

ఆ తర్వాత ఆమె నడిచింది నాకు గుర్తు లేదు. పిల్ల దగ్గర ఉంది, అంతే. స్వరూప పెదవులు అల్లనేరేడు రంగులో ఉన్నాయి. పొట్ట పైకి లేస్తోంది, కానీ అదే క్షణంలో ఛాతీ లోపలికి పోతోంది. లోపల ఎంత గుంజుకుంటున్నా గాలి రావడం లేదు. సిస్టర్ దవడ పట్టి ముందుకు లాగింది. "పంపు తొక్కు!" తొక్కాను. గొట్టం లోపలికి పోయి, వెనకెక్కడో గడ్డకట్టిన రక్తాన్ని పట్టుకుని బయటికి తెచ్చింది, కందిబేడంత కూడా లేదు. ముసుగు పెట్టి, దానికి తగిలించిన రబ్బరు తిత్తిని మెల్లగా నొక్కింది. ఛాతీ లేవలేదు. తలను ఇంకొంచెం వెనక్కి వంచి, మళ్లీ నొక్కింది. "రా బిడ్డా. రా. మీ నాయిన బయటున్నడు. రా" అంటోంది, పొలం గట్టు మీద నుంచి ఇంటికి పిలుస్తున్నట్టు, ఏమాత్రం తొందర లేకుండా. మూడోసారికి ఛాతీ లేచింది. నాలుగోసారికి ఇంకొంచెం. పెదవుల నడుమ నుంచి నలుపు విరిగింది. తర్వాత స్వరూప దగ్గి, ముఖం చిట్లించి, ఆ గొంతు పచ్చిగా ఉండగానే గది అదిరేలా ఏడ్చింది. నా జన్మలో అంత అందమైన శబ్దం వినలేదు.

సిస్టర్ పిల్ల ముక్కు దగ్గర చేయి పెట్టి నిండా నిమిషం లెక్కపెట్టింది. ఆ తర్వాతే కాగితం తీసుకుంది.

"గీ మూడు ఇరవై నాలుగులు ఎవలు లెక్కవెట్టిన్రు?"

నా నోట్లో నాలుగైదు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాన్ని మించి ఒకటి నమ్మదగినవి. వాటిలో ఒకటి పెదవి దాకా వచ్చింది కూడా. స్వరూప ఏడుస్తూ నా వైపే చూస్తోంది.

"ఎవలు లెక్కవెట్టలె సిస్టర్. దూరంకెల్లి పొట్ట చూసి రాసిన."

"పొట్ట గుడ నీలెక్కనే. లోపట ఏం లేకున్న ఊగుతనే ఉంటది" అంది ఆమె. కలం నా చేతికిచ్చింది. "కొట్టెయ్యి. ఒక్క గీతతోని. కింద అంకె కనబడాలె. పక్కన రాయి, చెయ్యి పెట్టి చూడకుంట రాసిన అని. సంతకం పెట్టు."

పెట్టాను. మత్తు డాక్టరు గారు వచ్చి, పిల్లను పరీక్షించి, ఆ కాగితం చదివి, చాలా నెమ్మదిగా, "ఇతన్ని రేపటి నుంచి రావొద్దని చెప్పండి" అన్నారు.

"రేపు ఆపరేషన్లు లెవ్వు సార్" అంది సిస్టర్. "మంగళారం మాట్లాడుదాం. గది ఇడిసిపెట్టి పోయింది నేను. రాసేదుంటె ముందు నా పేరు రాయిండ్రి."

డాక్టరు గారు కాగితం బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయారు. సిస్టర్ నాతో, "పోయి వాళ్ల నాయినకు చెప్పు. నువ్వే చెప్పాలె" అంది.

వరండాలో కొమురయ్య కాళ్ల దగ్గర తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. అంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క అలంకరించలేదు. నా నోటి నుంచి ఏ అలంకారమూ లేకుండా వచ్చిన మొదటి కథ అదే. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన నా చేతుల వంక చూసి, "ఇప్పుడు మంచిగున్నదా?" అని అడిగాడు. ఉందన్నాను. "గా చెయ్యి ఎట్ల పెట్టాల్నో నాకు చూపియ్యి" అన్నాడు. లోపలికి తీసుకుపోయాను. నాట్లు వేసి నాని పగిలిన చేతిని తిప్పి, వెనక భాగం కూతురి ముక్కు ముందు పెట్టాడు. "తగుల్తాంది" అన్నాడు. సాయంత్రం దాకా ఆ చేయి తీయలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే గేటు దగ్గర సిస్టర్ నన్ను ఆపింది. భుజం మీద చేయి వేసి, "సమ్మయ్యా, నువ్వు మల్ల అసోంటి అంకె రాయవు. నాకు నీ మీద నమ్మకమున్నది బిడ్డా" అంది. నేను సైకిల్ పట్టుకుని అక్కడే ఏడ్చాను.

ఆ తర్వాత ఆమె రిటైరయ్యే దాకా ఐదేళ్లు ఆమె దగ్గరే పనిచేశాను. ఆమె వెళ్లిపోయిన చాలా కాలానికి వేలి క్లిప్పుల యంత్రం వచ్చింది. కొత్తగా చేరిన నర్సమ్మలు దాని అంకె చూసి రాస్తుంటే నేను అడ్డం పడేవాణ్ణి: ముందు చేయి పెట్టండి, తర్వాత దాన్ని అడగండి అని. ముసలాడి చాదస్తం అని నవ్వేవాళ్లు. నవ్వుతూనే పెట్టేవాళ్లు. మా ఇంట్లో పిల్లలూ, చుట్టాల పిల్లలూ, ఆఖరికి బస్సులో ఊరూ పేరూ తెలియని పిల్లలూ, ఎవరు నిద్రపోతున్నా నా చేయి ఆగదు. కథల్లో మా తాత ఇప్పటికీ ఇటుక మీద చెరువు దాటుతూనే ఉన్నాడు. కాగితం మీద మాత్రం, ఆ శుక్రవారం తర్వాత, లెక్కపెట్టని అంకె ఒక్కటి కూడా రాయలేదు.

ఇక ఒప్పుకోవలసింది ఒకటి ఉంది. మొదట్లో అంత గట్టిగా ఒట్టు వేశాను గనక ఇది చెప్పకపోతే నిద్ర పట్టదు. సిలిండర్ దొర్లడం నిజం. ఎద్దు పక్కకు జరగడమూ నిజమే, కావాలంటే మార్కెట్లో అడగండి. మూడు ఇరవై నాలుగులు, నల్లబడ్డ పెదవులు, కొమురయ్య చేయి, అన్నీ నిజం. అవి అబద్ధమైతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. నేను కల్పించింది గేటు దగ్గరి మాట. సిస్టర్ నన్ను ఆపలేదు. భుజం మీద చేయి వేయలేదు. నమ్మకమున్నదని అనలేదు. కొమురయ్య దగ్గరికి పంపాక మంగళవారం దాకా నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ మాట నాకు కావలసి వచ్చి, ఇన్నేళ్లుగా నేనే ఆమె నోట పెట్టుకుని వింటున్నాను.

జరిగింది ఇది. మంగళవారం డాక్టరు గారు నన్ను తీసేసే మాట మళ్లీ ఎత్తలేదు; మొదటి కేసు అయింది. మూడేళ్ల పిల్లవాణ్ణి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. సిస్టర్ వాణ్ణి పక్కకు తిప్పి, ఊపిరి చూసుకుని, కాగితం నా ముందు పెట్టింది. పిల్లలు మత్తులో ఉండగా ఆ గది వదిలి చాయ్‌కి పోవడం ఆమెకు అలవాటు లేదు. ఆ రోజు, "చాయ్ తాగొస్త" అని గోడ వైపు చూస్తూ చెప్పి, బయటికి పోయి, తలుపు తనే మూసింది. నేను చేయి పెట్టి ఒక నిమిషం, ఆ తర్వాత ఇంకో నిమిషం, రాయాల్సిన వేళ కాకపోయినా లెక్కపెడుతూనే ఉన్నాను. వరండాలో ఆమె గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుని లోపలికి వచ్చింది. పిల్లవాడి కాళ్ల మీద దుప్పటి సరిచేసి, తన కుర్చీలో కూర్చుంది. కాగితం చూడలేదు.